చిత్రకారుడి గదికి చార్జి లిస్టు



మన ప్రత్యేక సంచికలో సాధారణంగా పింఛను సవరణలు, కరవు భత్యం బకాయిలు, తీర్థయాత్రా విశేషాలు చోటు చేసుకుంటాయి. అవన్నీ మనకు కావలసినవే. ఈసారి కాస్త దారి మళ్ళి, తాము పనిచేసుకునే గదినే బొమ్మగా వేసుకున్న పాశ్చాత్య చిత్రకారుల చరిత్రను నాకు తెలిసినంతలో విన్నవించుకుంటాను. నేను చిత్రకారుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2008లో పదవీ విరమణ పొందినవాణ్ణి. ఆ తరువాత గ్రంథాలయంలో బొమ్మల పుస్తకాలు తిరగవేయడం అలవాటైంది. ఈ మధ్య మా మనవరాలు కంప్యూటరులో మ్యూజియముల చిత్రాలను పెద్దవి చేసి చూపిస్తోంది. నేను చెప్పబోయే చిత్రాల్లో ఒక్కటి కూడా ఎదురుగా నిలబడి చూసినది కాదు. అయినా ఈ విషయం మనకు పరాయిది కాదు. ఒక గదిలో ఏళ్ళ తరబడి పనిచేసి, చార్జి లిస్టు మీద సంతకం పెట్టి, ఆ గది అప్పగించి వచ్చినవాళ్ళమే మనమంతా.

స్టూడియో అనగానే మనకు ఫోటోలు తీసే చోటో, సినిమాలు తీసే చోటో గుర్తుకు వస్తుంది. చిత్రకారుడికి అది పనిగది. పటం నిలబెట్టుకునే చట్రం, రంగులు, కుంచెలు, కూర్చోబెట్టి బొమ్మ వేయవలసిన మనిషికి ఒక కుర్చీ, వెలుతురు వచ్చే కిటికీ. అంతకు మించి అందులో చూడదగ్గది ఏముంటుంది? కానీ నాలుగు వందల ఏళ్ళుగా గొప్ప గొప్ప చిత్రకారులు ఆ గదినే మళ్ళీ మళ్ళీ వేశారు. వయసు మళ్ళిన కొద్దీ మరీ ఎక్కువగా వేశారు. ఎందుకని?

1656వ సంవత్సరంతో మొదలుపెడతాను. ఆ ఏడు యూరపులో రెండు సంగతులు జరిగాయి. ఒకటి హాలండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో. మహా చిత్రకారుడు రెంబ్రాంట్ అప్పులపాలై దివాలా తీశాడు. కోర్టువారి తరఫున జులై నెలలో గుమాస్తాలు వచ్చి ఇంట్లో ఉన్నదంతా గది తరువాత గదిగా రాసుకున్నారు. మొత్తం 363 పద్దులు. చిత్రాలు, ముద్రణ బొమ్మలు, ఆయుధాలు, గవ్వలు, సున్నపు విగ్రహాలు, చివరికి చలువకు వేసిన బట్టలతో సహా ఏదీ వదలలేదు. ఆ గుమాస్తాల పని ఎంత శుభ్రంగా ఉందంటే, ఆ ఇంటిని మ్యూజియముగా చేసినవారు గదులను మళ్ళీ అమర్చడానికి ఆ జాబితానే ఆధారం చేసుకున్నారు. మన వృత్తిలోనివారు గర్వించదగిన సంగతి ఇది.

రెండవది స్పెయిన్ దేశంలోని మాడ్రిడ్ రాజభవనంలో. ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ అక్కడి ఉద్యోగి కూడా. మహలులో ఎవరికి ఏ గది కేటాయించాలి, ఏర్పాట్లు ఎలా ఉండాలి అన్నది చూసే పెద్ద అధికారి హోదా అతనిది. అతడు ఆ ఏడే 'లాస్ మెనీనాస్' అనే పెద్ద చిత్రం వేశాడు. ఎత్తు మూడు మీటర్లకు పైనే. అందులో చిన్న రాకుమారి, పరిచారికలు, మరుగుజ్జులు, ఒక కుక్క, వీరందరితో పాటు కుంచె పట్టుకుని నిలబడ్డ వెలాస్కెజ్ ఉన్నారు. రాజు, రాణి వెనక గోడ మీది అద్దంలో నీడలా కనబడతారు. తన పనిచోటికి రాజకుటుంబమే నడిచి వచ్చిందని చూపించుకున్నాడన్నమాట.

దానికొక కారణం ఉంది. ఆ రోజుల్లో చిత్రకారుడంటే చేతిపనివాడు. వెలాస్కెజ్‌కు శాంటియాగో వీరపదవి కావాలి. దానికి వంశం మంచిదని, చేతిపనితో పొట్ట పోసుకోలేదని రుజువు కావాలి. విచారణ జరిగింది, వందకు పైగా సాక్షులను పిలిచారు. ఆ ఫైలు ఎంత లావు అయి ఉంటుందో మనకు ఊహించడం కష్టం కాదు. 1659లో పదవి వచ్చింది, 1660లో అతడు కాలం చేశాడు. చిత్రంలో అతని రొమ్ము మీద కనిపించే ఎర్ర శిలువ పదవి వచ్చాక చేర్చినదే. 1734లో ఆ రాజభవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. చిత్రాన్ని మాత్రం బయటకు తేగలిగారు. గది పోయింది, గది బొమ్మ మిగిలింది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకొక తేడా తెలిసింది. గుమాస్తా జాబితా గదిలో ఏమేమి ఉన్నాయో చెబుతుంది. చిత్రకారుడి జాబితా ఆ గదిలో ఏం జరిగిందో చెబుతుంది. దివాలా తరువాత ఇల్లు కూడా పోయిన రెంబ్రాంట్, అరవై ఏళ్ళ ప్రాయంలో తన బొమ్మ తాను వేసుకున్నాడు. లండనులోని కెన్‌వుడ్ భవనంలో ఉంది. తల మీద తెల్లటి టోపీ, చేతిలో రంగుల పలక, కుంచెలు, వెనక గోడ మీద సగం సగం కనిపించే రెండు వలయాలు. ఆ 363 పద్దులలోని సామాను ఒక్కటీ అందులో కనబడదు. పనివాడు, పనిముట్టు, అంతే.

తరువాత ఫ్రాన్సు దేశపు కూర్బే. 1855లో ఆయన దాదాపు ఆరు మీటర్ల వెడల్పున తన స్టూడియోను వేశాడు. మధ్యలో తాను ప్రకృతి దృశ్యం వేస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక నగ్నస్త్రీ, ఒక పల్లెటూరి పిల్లవాడు, ఒక తెల్ల పిల్లి. ఎడమవైపు బీదలు, వేటగాడు, వర్తకుడు వంటి లోకం, కుడివైపు కవి బోదలేర్ మొదలైన స్నేహితులు. తన కళాజీవితంలో, నైతిక జీవితంలో ఏడేళ్ళ సారాంశమని దానికి పేరు పెట్టాడు. పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనవారు ఆ చిత్రాన్ని తీసుకోలేదు. ఆయన ఊరుకోక సమీపంలోనే సొంత ఖర్చుతో వేరే శాల కట్టించి ప్రదర్శించాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియములో ఉంది. వెలాస్కెజ్ గదికి రాజు వచ్చాడు. కూర్బే గదికి లోకం వచ్చింది. రెండు వందల ఏళ్ళలో వచ్చిన మార్పు అది.

మన కులానికి చెందినవాడు మతీస్. నేను చెప్పే కులం గుమాస్తా కులం. 1869లో పుట్టిన ఈ ఫ్రెంచి చిత్రకారుడు న్యాయశాస్త్రం చదివి, కొంతకాలం ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. జబ్బు చేసి మంచాన ఉన్నప్పుడు తల్లి రంగుల పెట్టె తెచ్చి ఇచ్చిందట. దానితో దస్తాలు పోయి కుంచెలు వచ్చాయి. 1911లో ఆయన వేసిన 'ఎర్ర స్టూడియో' ప్రసిద్ధం. గోడలు, నేల, బల్ల అన్నీ ఒకే ఎరుపులో మునిగి ఉంటాయి. ఆ ఎరుపు మధ్య ఆయన వేసిన చిత్రాలు, చేసిన శిల్పాలు మాత్రం తమ తమ రంగుల్లో నిలబడతాయి. నిలువు గడియారానికి ముళ్ళు లేవు. పనిచేసేవాడికి గదిలో కాలం తెలియదని నేను అర్థం చేసుకున్నాను. మొదట ఆ గోడలు నీలంగా, నేల గులాబీగా ఉండేవనీ, తరువాతే ఎరుపు పూశాడనీ నిపుణుల పరీక్షలో తేలి, 2022లో న్యూయార్కు ప్రదర్శనలో వివరంగా చూపించారు.

ఆ చిత్రం కోసం అనుకున్న రష్యా వర్తకుడు ష్చూకిన్ దాన్ని తీసుకోలేదు. తరువాత కొన్నాళ్ళు లండనులో ఒక క్లబ్బు గోడ మీద వేలాడి, 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియముకు చేరింది. ఇంకొక విశేషం. ఆ గదిలో ఎడమవైపు కనిపించే పెద్ద నగ్నచిత్రం అసలుది ఇప్పుడు లేదు, నాశనమైంది. అయినా ఎర్ర స్టూడియోలో మాత్రం అలాగే గోడకు ఆనుకుని ఉంది. సామాను పోయినా చార్జి లిస్టులో పద్దు నిలిచింది. 1941లో ప్రాణాంతకమైన శస్త్రచికిత్స నుంచి బయటపడిన మతీస్, 1948లో డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ తన గదినే 'పెద్ద ఎర్ర గది' పేరుతో వేశాడు.

ఆ మరుసటి ఏడే, 1949లో, జార్జ్ బ్రాక్ అనే మరొక వృద్ధుడు స్టూడియో చిత్రాల వరస మొదలుపెట్టాడు. ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ కొడుకు. తానూ ఆ పని నేర్చినవాడే. మొదటి ప్రపంచయుద్ధంలో తలకు పెద్ద గాయమై బతికినవాడు. 1956 దాకా, అంటే డెబ్బై నాలుగేళ్ళు వచ్చేవరకూ, ఆ గదినే వేశాడు. కూజాలు, చట్రాలు, పలకలు ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. మధ్యలోంచి ఒక పెద్ద పక్షి ఎగురుతూ ఉంటుంది. తలుపులు మూసిన గదిలో ఆ పక్షి ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ సాయంత్రం పూట ఒంటరిగా పాత రికార్డుల మధ్య కూర్చున్నవారికి ఆ పక్షి కొత్తది కాదు.

ఇక్కడొక చారిత్రక కారణం చెప్పాలి. పూర్వం చిత్రకారుడికి విషయాలు బయటి నుంచి వచ్చేవి. దేవాలయం వారు పురాణగాథ అడిగేవారు, రాజు తన బొమ్మ అడిగేవాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ గిరాకీ చాలావరకు తగ్గిపోయింది. పోలికకు కెమెరా వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత మనిషి రూపమే లేని నైరూప్య చిత్రాలదే పైచేయి అయింది. అప్పుడు కూడా మనిషిని మనిషిగా, వస్తువును వస్తువుగా వేస్తామన్నవారికి మిగిలిందేమిటి? ఆ గది, ఆ గదికి వచ్చే మనిషి, ఆ గదిలో జరిగే పని. అందుకే ఈ కాలపు రూపచిత్రకారులకు స్టూడియో ఒక వెనక తెర కాక, అదే అసలు విషయమైపోయింది. ఎందుకు ఇంకా ఈ పని చేస్తున్నావు అన్న ప్రశ్నకు వారు ఇచ్చుకున్న సంజాయిషీ అది.

ఆ సంజాయిషీని అందరికంటే కఠినంగా రాసుకున్నవాడు అమెరికా చిత్రకారుడు ఫిలిప్ గస్టన్. 1913లో పుట్టాడు. 1930లలో ఆర్థికమాంద్యం నాటి ప్రభుత్వ పథకం కింద జీతానికి గోడచిత్రాలు వేశాడు. 1950లలో నైరూప్య చిత్రకారుడిగా గొప్ప పేరు తెచ్చుకున్నాడు. యాభై ఆరో ఏట, 1969లో, 'స్టూడియో' అనే చిత్రం వేశాడు. అందులో కూర్చుని తన బొమ్మ తాను వేసుకుంటున్నది నల్లవారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ ముసుగు తొడిగిన ఆకారం. ఒక చేతిలో కుంచె, ఒక చేతిలో సిగరెట్టు, పైన వేలాడే బల్బు. గస్టన్ యౌవనంలోనే ఆ ముఠాను ఖండిస్తూ బొమ్మలు వేసినవాడు. ఇప్పుడు ఆ ముసుగును తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. చెడు ఎక్కడో వీధిలో ఉందనడం తేలిక. నా గదిలో, నా బల్ల దగ్గర కూడా ఉందేమో అని విచారించుకోవడం కష్టం. కార్యాలయాల్లో పనిచేసిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1970లో ఆ చిత్రాలను న్యూయార్కులో ప్రదర్శిస్తే విమర్శకులు చాలామంది దుయ్యబట్టారు. ఆప్తమిత్రుడైన సంగీతకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ స్నేహమే తెగిపోయింది. గస్టన్ వెనక్కి తగ్గలేదు. 1973లో మంచం మీద దుప్పటి కప్పుకుని, సిగరెట్టు నోట పెట్టుకుని, రొమ్ము మీద తిండి పళ్ళెంతో పడుకున్న తన బొమ్మ వేశాడు. వెనక అంతా బూట్ల గుట్ట. 1980లో చనిపోయాడు. ఆ ముసుగుల వల్లనే 2020లో నాలుగు మ్యూజియములు కలిసి ఆయన పెద్ద ప్రదర్శనను వాయిదా వేశాయి. చివరికి 2022లో బోస్టనులో మొదలైంది. యాభై ఏళ్ళు దాటినా ఆ గది ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది.

ఇక లూషియన్ ఫ్రాయిడ్. మనస్తత్వశాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ మనవడు. 1922లో బెర్లినులో పుట్టి, 1933లో ఇంగ్లండు చేరాడు. ఆయన చిత్రాలు ఎక్కువ భాగం ఆ గది నాలుగు గోడల మధ్యే సాగాయి. పగటి వెలుతురులో వేసేవి కొన్ని, రాత్రి దీపాల కింద వేసేవి కొన్ని. ఒక్కో చిత్రానికి మనిషిని నెలల తరబడి రప్పించేవాడు. చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అంతటివాడు 2002లో వంద గంటలకు పైగా ఆయన ముందు కూర్చున్నాడు. కుంచెలు తుడిచిన గుడ్డలు గుట్టలుగా పడి ఉండేవి. 1988-89లో ఆ గుడ్డల గుట్టకు ఆనుకుని నిలబడ్డ స్త్రీని వేశాడు. ఒక చిత్రంలో నీళ్ళు పడుతున్న కుళాయిలను, తొట్టిని వేశాడు. 1983 నుంచి 1987 దాకా పట్టింది. కుళాయికి నాలుగేళ్ళా అని నవ్వుకోవచ్చు. కానీ ఏ చిన్న కాగితాన్నీ తేలిగ్గా తీసుకోని పాతకాలపు సూపరింటెండెంట్లు నాకు గుర్తొచ్చారు.

మన సంఘంవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన చిత్రం ఒకటుంది. ఫ్రాయిడ్ ముందు కూర్చున్నవారిలో స్యూ టిల్లీ అనే ఆమె లండనులో ప్రభుత్వ ఉపాధి కార్యాలయ ఉద్యోగి. నిరుద్యోగ భృతి వంటి వాటి పని చూసే సూపర్‌వైజరు. స్థూలకాయురాలు. స్టూడియోలోని చిరుగుల సోఫా మీద ఆమె బట్టలు లేకుండా నిద్రపోతుండగా 1995లో వేశాడు. మన పద్ధతులకు ఆ నగ్నత్వం ఎబ్బెట్టుగా తోచవచ్చు, నాకూ తోచింది. కాసేపు చూశాక ఆ ఎబ్బెట్టు పోయి, అలసట కనిపించింది. ఆ చిత్రానికి పేరు 'నిద్రపోతున్న బెనిఫిట్స్ సూపర్‌వైజర్'. మనిషి పేరు కాదు, ఉద్యోగం పేరు. దేవతలకు, రాణులకు దక్కిన చోటు ఒక ఉద్యోగినికి దక్కింది. నేను రిటైరైన 2008లోనే ఆ చిత్రం వేలంలో 3 కోట్ల 36 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటికి జీవించి ఉన్న చిత్రకారుడి పనికి వేలంలో పలికిన అత్యధిక ధర అది.

ఇతరులను అలా వేసినవాడు తనను వదలలేదు. 1993లో, డెబ్బై ఏళ్ళ వయసులో, అద్దంలో చూసుకుంటూ తన నిలువెత్తు బొమ్మ వేసుకున్నాడు. ఒంటి మీద బట్ట లేదు, కాళ్ళకు తాళ్ళు కట్టని పాత బూట్లు మాత్రం ఉన్నాయి. ఒక చేత రంగుల పలక, ఒక చేత రంగు గీకే కత్తి. సడలిన ఒళ్ళు, నిలిచిన చూపు. వెలాస్కెజ్ రొమ్ము మీద శిలువ చేర్పించుకున్న కథ ఇందాక చెప్పాను. ఇక్కడ ఆ పదవులు, బిరుదులు ఏవీ లేవు. పనివాడు, పనిముట్టు. రెంబ్రాంట్ చివరికి చేరిన చోటే ఇది కూడా. 2004-05లో వేసిన మరొక చిత్రంలో గోడలంతా ఏళ్ళ తరబడి తుడిచిన రంగు పొరలుగా పేరుకుని ఉంటుంది. ఆ రంగు చెత్తే ఆయన హాజరు పట్టీ. 2011 జులైలో ఎనభై ఎనిమిదో ఏట పోయేనాటికి ఒక మనిషి, ఒక కుక్క ఉన్న చిత్రం పూర్తికాకుండా మిగిలింది.

దీనికి పక్కన ఇంకొక గది సంగతి చెప్పి ముగిస్తాను. ఫ్రాయిడ్‌కు ఒకప్పటి మిత్రుడు ఫ్రాన్సిస్ బేకన్. లండనులో ఆయన చిన్న పనిగది కాగితాలు, ఫోటోలు, రంగు డబ్బాలతో కాలు పెట్టే సందు లేకుండా ఉండేది. 1992లో ఆయన పోయాక, 1998లో ఆ గదిని ఆయన పుట్టిన ఊరు డబ్లిన్‌కు దానం చేశారు. పురావస్తు తవ్వకాలు చేసేవారిని పిలిచి, ప్రతి వస్తువు ఎక్కడున్నదో గుర్తించి, గోడలు, నేల, ధూళితో సహా తరలించారు. ఏడు వేలకు పైగా వస్తువులకు పద్దులు రాశారు. 2001 నుంచి అది హ్యూ లేన్ చిత్రశాలలో అద్దాల వెనక ఉంది. అంత కష్టపడి, అంత శ్రద్ధగా రాసిన జాబితా మరొకటి ఉండదేమో. అయినా దాని ఫోటోలు చూసినప్పుడు నాకు అందులో లేనిది ఒక్కటే తోచింది. బేకన్ లేడు. మతీస్ ఎర్ర గదిలో మనిషి బొమ్మ లేకపోయినా మతీస్ ఉన్నాడు. ఇతరులు భద్రపరచిన గదికీ, పనిచేసినవాడే చెప్పిన గదికీ అదే తేడా.

మిత్రులారా, ఫైలు ముగించేటప్పుడు మనం దాని మీద వేసే గుర్తులు మీకు తెలుసు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్ళు గడిచాక నాశనం చేయవలసినది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, నేను వచ్చేసిన కొన్నేళ్ళకు, రికార్డు గదిని ఖాళీ చేశారు. ఆర్.డిస్. వేసిన కట్టలు కూడా వానకు తడిసి, చెదలు పట్టి, పాత కాగితాల వాడికి తూకానికి పోయాయని విన్నాను. నాకు ముందు ముప్పై ఏళ్ళు అక్కడ పనిచేసి, దీపం లేకుండా చేత్తో తడిమి ఏ కట్ట ఎక్కడుందో చెప్పగలిగిన ఒక పెద్దాయన పనికి ఇవాళ ఎక్కడా గుర్తు లేదు. చార్జి లిస్టుల మీద ఆయన సంతకం ఉండేది. ఆ లిస్టులూ పోయాయి.

మనకు బొమ్మలు వేయడం రాదు. కానీ రాయడం మన వృత్తి. కనుక సంఘానికి నాదొక విన్నపం. వచ్చే సంచిక నుంచి ప్రతి సభ్యుడు తాను పనిచేసిన ఒక గదిని గురించి రెండు పేజీలు రాయాలి. ఎంత పెద్ద గది, కిటికీ ఏ వైపు, బీరువాలెన్ని, తపాలు ఎప్పుడు వచ్చేది, ఎవరు ఏ సీటులో కూర్చునేవారు, వరదల ఏడు రాత్రుళ్ళు ఏ పని చేశాం, ఎవరి దరఖాస్తు మన చేతుల మీదుగా వెళ్ళి ఎవరి పొయ్యి వెలిగింది, ఎవరిది బల్ల మీదే ఆగిపోయింది, అన్నీ రాయాలి. గొప్పలు వద్దు, బిరుదులు వద్దు. పనివాడు, పనిముట్టు ఉంటే చాలు. వాటిని కుట్టి సంఘం బీరువాలో ఉంచుదాం. మొదటి కట్ట మీద ఆర్.డిస్. అని నేనే రాస్తాను.